ఏడు వేలల్లో బండి గేర్: ముందు ఏది కొనాలి, ఏది ఆగొచ్చు

ప్రశ్న: "అన్నా, మాది పొందూరు దగ్గర పల్లె. నాకు 23 ఏళ్ళు. పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. మొన్నటిదాకా కంపెనీ బస్సులో వెళ్ళేవాడ్ని, ఇప్పుడు మా వైపు బస్సు రావట్లేదు, అందుకే సెకండ్ హ్యాండ్ 150 సీసీ బండి తీస్కున్నాను. బండి నేర్చుకుని నెలన్నర అయ్యింది. బీ షిఫ్ట్ అయితే రాత్రి పదిన్నరకి ఇంటికి బయల్దేరాలి, నేనొచ్చేదాకా మా అమ్మ అరుగు మీదే కూచుంటది. హెల్మెట్, జాకెట్, గ్లోవ్స్, మోకాలి గార్డులు, బూట్లు అన్నీ కలిపి చూస్తే 25 వేలు దాటుతోంది. నా దగ్గరున్నది 7,000. ఇప్పటికైతే కంపెనీ ఇచ్చిన పసుపు హెల్మెట్టే పెట్టుకుంటన్నాను. మోకాలి గార్డులు కొంటానంటే మావోళ్ళు 'ఏట్రా, రేసుకెల్తన్నావేటి' అని నవ్వుతున్నారు. ఈ ఎండల్లో ఇవన్నీ వేసుకోగలమా? ముందు ఏది కొనమంటారు?"

సమాధానం:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ పసుపు హెల్మెట్ రేపట్నించి బండి మీద పెట్టుకోకు. అది ప్లాంటులో పైనుంచి నట్టో బోల్టో పాన్నో జారి నెత్తిన పడితే ఆపటానికి చేసింది, దానికి ఐఎస్ 2925 అని వేరే స్టాండర్డ్ ఉంది, బండి హెల్మెట్‌కి ఐఎస్ 4151, రెండింటికీ పోలికే లేదు. దాని లోపల ఒక ప్లాస్టిక్ పట్టీల గూడు ఉంటది చూడు, నెత్తికీ డొప్పకీ మధ్య కాస్త ఖాళీ ఉంచుతుంది, అంతే. పక్క నుంచి దెబ్బ తగిల్తే, వెనక నుంచి తగిల్తే ఆపటానికి లోపల ఏమీ లేదు. గడ్డం కింద పట్టీ కూడా మనిషి ఎగిరి పడితే ఊడిపోయేటంత పల్చన. రణస్థలం నుంచి పైడిభీమవరం వరకు షిఫ్ట్ టైములో నిల్చుంటే పదిమందిలో ఇద్దరు ముగ్గురు ఈ పసుపు డొప్పలతోనే వెళ్తూ కనిపిస్తారు, పోలీసు ఆపకుండా ఉంటే చాలు అనుకుని. నాకు వాళ్ళని చూస్తే చాలా బాధేస్తది, ఎందుకంటే పాపం వాళ్ళు తలకి ఏదో ఒకటి పెట్టుకున్నాం అనే ధైర్యంతో ఉంటారు, ఆ ధైర్యం ఉత్తదే.

నువ్వడిగిన అసలు ప్రశ్న, ఉన్న ఏడు వేలల్లో ముందేది అని. దానికి నేను ఒకటే లెక్క చూస్తాను. కొత్తగా నేర్చుకున్నవాడు బండి మీంచి పడినప్పుడు ఒంట్లో ఏది ముందు నేలకి తగుల్తది, ఏది విరిగితే లేక పగిలితే మళ్ళీ బాగవ్వదు, ఆ వరసలో డబ్బు పెట్టు. తల, అరచేతులు, మోకాళ్ళు, చీలమండలు. ఆ తర్వాతే మోచేతులు, భుజాలు, వీపు. అంటే జాకెట్ ఆఖరికి వస్తది. ఆన్‌లైన్లో చూస్తే మాత్రం అందరూ జాకెట్ ఫోటోతోనే మొదలుపెడతారు, ఎందుకంటే అదే స్టైల్‌గా ఉంటది, అదే ఖరీదు కూడా.

తల సంగతి ముందు. "నేను స్పీడుగా వెళ్ళనన్నా, నలభైలోనే వెళ్తాను" అని చాలామంది అంటారు, నువ్వూ అనుకునే ఉంటావ్. బండి అసలు ఆగి ఉందనుకో, స్టాండు సరిగ్గా పడక పక్కకి ఒరిగిపోయావనుకో, నీ తల నేలకి ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడుద్ది కదా, నేలకి తగిలే టైముకి దాని వేగం గంటకి సుమారు 20 కిలోమీటర్లు ఉంటది. ఇది ఇంటర్‌లో చదివిన లెక్కే, కాగితం మీద వేసి చూస్కో. ఆగి ఉన్న బండి మీంచే అంత దెబ్బ. దానికి ముందుకెళ్ళే స్పీడు కూడా కలిసి, ఎదురుగా డివైడర్ రాయో కల్వర్టు గోడో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. హెల్మెట్ మీద రకరకాల దేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్ళ సమీక్ష ఒకటి 2008లో వచ్చింది, హెల్మెట్ వల్ల తలకి గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం, చనిపోయే ప్రమాదం 42 శాతం తగ్గుతాయని తేల్చారు. నీ 7,000లో ఇంకే వస్తువూ నీకు అంత ఇవ్వలేదు.

హెల్మెట్ అంటే పైన కనిపించే రంగు డొప్ప అనుకుంటాం గానీ అసలు పని చేసేది లోపల ఉండే థర్మోకోల్ లాంటి పొర. ఈపీఎస్ అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోతుంది, నలుగుతూ దెబ్బని మింగుతుంది, తల ఒక్కసారిగా టక్కుమని ఆగకుండా కాస్త నిదానంగా ఆగుతుంది, ఆ కొన్ని మిల్లీ సెకన్లే మెదడుని కాపాడేది. ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు. అందుకే ఒక్కసారి గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా పారెయ్యాలి, అందుకే ఎవరి దగ్గరా పాత హెల్మెట్ కొనకూడదు, మీ బావది అయినా సరే తీస్కోకు. హైవే పక్కన తాడుకి వేలాడదీసి 300కి, 400కి అమ్ముతారే, అందులో చాలావాటికి ఆ పొరే ఉండదు, పల్చటి స్పాంజి ఉంటది, ఐఎస్ఐ స్టిక్కర్ మాత్రం మెరుస్తా ఉంటది. లోపలి గుడ్డ పక్కకి తీసి వేలితో నొక్కి చూడు, గట్టిగా తెల్లగానో నల్లగానో థర్మోకోల్ తగలాలి. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉండాలి, ఆ నంబర్ బీఐఎస్ కేర్ అనే గవర్నమెంట్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ ఏ కంపెనీదో వచ్చేస్తది, డబ్బా మీద పేరూ యాప్‌లో పేరూ ఒకటే అయితేనే తీస్కో. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ లేని బండి హెల్మెట్ అమ్మటమే తప్పు మన దేశంలో, అయినా అమ్ముతున్నారు.

ఫుల్ ఫేసే తీస్కో. సగం డొప్పలు, మొహం తెరిచి ఉండేవి వద్దు. పడినప్పుడు గడ్డం, దవడ చాలాసార్లు నేలకి కొట్టుకుంటాయి, ఆ ముందు కమ్మీ లేకపోతే పళ్ళు, దవడ పోతాయి. స్టడ్స్, వేగా, స్టీల్‌బర్డ్ వీటిల్లో మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్లు సుమారు 1,300 నుంచి 2,500 లోపు వస్తాయి. ఇంకొంచెం పెడితే ఆక్సార్, ఎస్ఎంకే, ఎల్ఎస్2, ఎమ్‌టీ లాంటివి ఉన్నాయి, వాటిల్లో కొన్నిటికి ఐఎస్ఐతో పాటు ఈసీఈ అనే యూరప్ గుర్తు కూడా ఉంటది, 22.06 అని ఉంటే అది కొత్త, కఠినమైన పరీక్ష. డబ్బుంటే తప్పకుండా అదే తీస్కోమంటాను, కానీ నీ ఏడు వేలు మొత్తం ఒక్క హెల్మెట్‌కే పెట్టి ఉత్త చేతుల్తో వెళ్ళొద్దు. 2,000 ప్రాంతంలో నీ తలకి సరిగ్గా పట్టిన ఐఎస్ఐ హెల్మెట్, వదులుగా ఊగే 6,000 హెల్మెట్ కన్నా నయం.

ఆ పట్టటం గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనోళ్ళు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. షాపుకెళ్ళే ముందు ఇంట్లో టైలర్ టేపుతో కనుబొమ్మల పైన ఒక అంగుళం వదిలి, వెనక తల ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టుకొలత తియ్యి. హెల్మెట్ వెనక స్టిక్కర్ మీద మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో సైజు ఉంటది. ఎల్ అంటే అన్ని కంపెనీల్లో ఒకటి కాదు, అంకె చూడు. పెట్టుకున్నాక బుగ్గలు నొక్కుకుపోయి మాట్లాడితే లోపలి బుగ్గ పళ్ళకి తగిలేటట్టు ఉండాలి. "టైటుగా ఉందన్నా, ఒక సైజు పెద్దది ఇవ్వు" అంటాం మనం, షాపువాడూ వెంటనే ఇచ్చేస్తాడు, అక్కడే దెబ్బ తింటాం, ఎందుకంటే రెండు నెలలకి లోపలి స్పాంజి సర్దుకుని అదే వదులైపోతుంది. పట్టీ బిగించి ముందు కమ్మీ పట్టుకుని అటూ ఇటూ తిప్పు, హెల్మెట్‌తో పాటు మొహం చర్మం కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది నీ సైజు కాదు. తర్వాత వెనకనుంచి అడుగు అంచు పట్టుకుని పైకి, ముందుకి లాగమని పక్కవాడికి చెప్పు. ఊడొస్తే వద్దు. అలాగే పదినిమిషాలు పెట్టుకుని షాపులోనే ఉండు, మొహమాటపడకు. నుదుటి మీద ఒకే చోట పోటులాగా నొప్పొస్తే ఆ ఆకారం నీ తలకి కాదు, వేరే కంపెనీది చూడు.

పట్టీ బిగించకుండా ఊరికే పెట్టుకునే అలవాటు ఉంటే మాత్రం ఇంతసేపూ నేను చెప్పింది మొత్తం వృథా. కింద ఒక వేలు, మహా అయితే రెండు వేళ్ళు దూరేంత ఉండాలి. చట్టం ప్రకారం కూడా అంతే, సరిగ్గా బిగించుకోకపోతే పెట్టుకోనట్టే లెక్క. జరిమానా 1,000, పైగా మూడు నెలలు లైసెన్స్ కూడా పోవచ్చు.

నువ్వు పనిచేసేది మందుల కంపెనీ కాబట్టి నీకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ప్లాంటులో ఎసిటోన్, టోలుయీన్ లాంటి సాల్వెంట్లు చేతికి అందుతూనే ఉంటాయి కదా, మరక పోతదని గుడ్డకి అద్ది హెల్మెట్ తుడవకు. పై ప్లాస్టిక్ పైకి కనపడకుండానే పెళుసెక్కుతుంది, లోపలి ఈపీఎస్ అయితే కరిగే పోతుంది. పెట్రోలు కూడా అంతే. ఒట్టి నీళ్ళు, కాస్త షాంపూ చాలు. బండి అద్దానికి తగిలించి వదిలెయ్యకు, ఆ అద్దం మొన లోపలి పొర మీద రోజూ గుంట పెడుతుంది. కొబ్బరి నూనె రాసుకుని హెల్మెట్ పెట్టే అలవాటు మనందరిదీ, ఆ నూనె, చెమట కలిసి లోపల గుడ్డ కుళ్ళు వాసన కొడుతుంది, ఇంక వాసనకి తట్టుకోలేక హెల్మెట్ పెట్టటమే మానేస్తారు, నేను చూశాను అలాంటివాళ్ళని. నెత్తికి వేసుకునే పల్చటి కాటన్ మాస్కు టోపీ 150కి వస్తుంది, రెండు కొను, రోజు మార్చి రోజు ఉతుక్కో. లోపలి గుడ్డలు ఊడదీసుకునే వీలున్న హెల్మెట్ అయితే నెలకోసారి ఉతికి నీడలో ఆరబెట్టు.

నీకు రాత్రి ప్రయాణం ఉంది కాబట్టి హెల్మెట్ ముందద్దం తెల్లదే ఉండాలి. నల్లద్దం స్టైల్‌గా ఉంటది, రాత్రి చిలకపాలెం దాటి పొందూరు రోడ్డులోకి తిరిగాక ఏమీ కనపడదు. గీతలు పడ్డ అద్దం కూడా అంతే ప్రమాదం, ఎదురుగా లారీ లైటు పడితే మొత్తం తెల్లగా చెదిరిపోద్ది. కొత్త అద్దం 200, 300కి దొరుకుతుంది, ఏడాదికోసారి మార్చెయ్. చలికాలంలో మంచు పట్టి ఊపిరికి ఆవిరి కమ్మితే గిన్నెల సబ్బు ఒక చుక్క లోపలివైపు రాసి మెత్తటి గుడ్డతో తుడిచెయ్, ఆ పూటకి పనిచేస్తది.

ఇప్పుడు చేతులు. దీని గురించి నా సొంత సంగతి చెప్పక తప్పదు. చీపురుపల్లి నుంచి గరివిడి వైపు వస్తున్నాను, కోతల టైము, రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే నేను అంచుకి తప్పుకున్నాను, ముందు చక్రం గింజల మీదకెక్కింది, బ్రేకు ముట్టుకున్నానో లేదో, నేను కిందున్నాను. స్పీడు నలభై కూడా లేదు. హెల్మెట్ గడ్డం దగ్గర పెచ్చు లేచింది, మొహానికి గీత కూడా పడలేదు. కానీ రెండు అరచేతులూ తారుకి గీరుకుని చర్మం లేచిపోయింది, లోపల ఇసక ఇరుక్కుంది, నర్సమ్మ బ్రష్షు పెట్టి ఆ ఇసక తీస్తుంటే నేను అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తే. ఇరవై రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. మాయమ్మ ముద్దలు పెట్టింది. ఇద్దరు పిల్లల తండ్రిని, చొక్కా గుండీలు పిల్లలు పెట్టారు. పడేటప్పుడు చేతులు పెట్టకూడదు అని ఎవరైనా చెప్తే నమ్మకు, చేతులు వాటంతటవే ముందుకెళ్తాయి, మనిషి ఒంటి తీరే అంత. ఆ రోజు 1,200 పెట్టి గ్లోవ్స్ కొనుక్కోకపోవటం నేను చేసిన తప్పు, ఆ తప్పు నువ్వు చెయ్యొద్దనే ఇంత రాస్తున్నాను.

గ్లోవ్స్ చూసేటప్పుడు పైన వేలి కణుపుల మీద గట్టి ప్లాస్టిక్ ఒక్కటే చూసి మోసపోకు, అదొక్కటే చాలదు. తిప్పి అరచెయ్యి వైపు చూడు. అరచెయ్యి కింది భాగంలో, అంటే మణికట్టుని ఆనుకుని ఉండే చోట, రెండో పొర తోలు గానీ నున్నటి ప్లాస్టిక్ బిళ్ళ గానీ ఉండాలి, నేలకి తగిలితే చెయ్యి గుచ్చుకుని ఆగిపోకుండా జారాలి, ఆగిపోతేనే మణికట్టు ఎముక విరుగుద్ది. మణికట్టు చుట్టూ బిగించే పట్టీ ఉండాలి, వేసుకున్నాక వేళ్ళు పట్టుకుని ఇంకొకరు లాగితే ఊడకూడదు. సగం వేళ్ళవి వద్దే వద్దు. చేతి పై భాగం జాలీ గుడ్డ అయితే ఎండలో గాలి ఆడతది. 1,000 నుంచి 1,600 లోపు మన దేశం కంపెనీలవే చాలా ఉన్నాయి, రైనాక్స్, వయాటెర్రా, రైడా, క్రామ్‌స్టర్, బీబీజీ, అమ్మకాల టైములో ఇంకా తగ్గుతాయి. ఈఎన్ 13594 అని లోపల లేబుల్ ఉంటే యూరప్ వాళ్ళ గ్లోవ్స్ పరీక్షకి నిలిచిందని అర్థం. ఆ రేటులో అన్నిటికీ ఉండదు, ఉన్నది దొరికితే అదే.

కాళ్ళకి నువ్వు రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు. కంపెనీలో సేఫ్టీ షూ ఇస్తారు కదా, స్టోర్స్‌లో అడిగి చీలమండ కప్పేంత ఎత్తున్న జత తీస్కో. ముందు ఇనుప కప్పు లావుగా ఉండి గేర్ రాడ్ కింద దూరకపోతే మెకానిక్‌కి చెప్పి రాడ్ కొంచెం పైకి జరిపించు, ఐదు నిమిషాల పని. లేసులు లోపలికి దోపెయ్, వేలాడితే గేర్ రాడ్డుకి చుట్టుకుంటాయి, బండి ఆపినప్పుడు కాలు కింద పెట్టలేక పడిపోతావ్. చెప్పులతో మాత్రం పక్క వీధికి కూడా వెళ్ళకు.

మోకాలి గార్డులకి మీవోళ్ళు నవ్వారన్నావ్. నవ్వనీ. మోకాలి చిప్ప పగిలితే ఆపరేషన్, తీగలు, నెలల కొద్దీ మంచం, నీ డ్యూటీ నిలబడి చేసేదైతే ఆ ఉద్యోగం కూడా కష్టమే, అప్పుడు వాళ్ళెవరూ వచ్చి నీ బదులు షిఫ్ట్ చెయ్యరు. ప్యాంటు లోపల వేసుకునే మెత్తటి రకాలు కూడా ఉన్నాయి, వదులు ప్యాంటు వేస్తే ఎవరికీ తెలియదు కూడా. 500కి వచ్చే గట్టి ప్లాస్టిక్ చిప్పలవి ఎలా ఉంటాయంటే పైన డొప్ప గట్టిగానే ఉంటది, కింద అర అంగుళం స్పాంజి, దెబ్బ తగిలితే డొప్ప ద్వారా నేరుగా మోకాలికే వెళ్తుంది, పైగా పట్టీలు సాగిపోయి గార్డు పిక్క మీదకి తిరిగిపోద్ది. ఏమీ లేనిదానికన్నా గీరుకుపోకుండా ఆపుతుంది, అంతవరకే. నువ్వు చూడాల్సింది ఈఎన్ 1621-1 అనే గుర్తు, చిన్న బండి బొమ్మ పక్కన కే అనే అక్షరం, 1 లేదా 2 అనే అంకె ఉంటాయి. కే అంటే మోకాలికి, ఈ అంటే మోచేతికి, ఎస్ అంటే భుజానికి. అంకె లెవెల్. ఒకే దెబ్బ కొట్టి చూస్తే లెవెల్ 1 గార్డు లోపలికి వదిలే దెబ్బ బలం సగటున 35 కిలోన్యూటన్లకి (బలాన్ని కొలిచే లెక్క అది) మించకూడదు, లెవెల్ 2 అయితే 20కి మించకూడదు, అంటే తేడా చిన్నది కాదు. ఊరికే సీఈ అనే యూరప్ గుర్తు రాసి ఈ నంబర్ లేకపోతే దాన్ని నమ్మకు. ఇలాంటి జత 1,500 నుంచి 2,500 మధ్య వస్తది. వేసుకుని కుర్చీ మీద బండి మీద కూచున్నట్టు కూచుని చేత్తో పక్కకి తిప్పి చూడు, తిరిగితే వద్దు.

జాకెట్ ఆగొచ్చు అన్నానని అక్కర్లేదని కాదు. గంటకి 50లో పడితే అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు, ఆ వేగంతో తారు మీద జారుతూ ఆగటానికి రెండు సెకన్లు పైనే పడుద్ది, 15 మీటర్ల దూరం. ఆ రెండు సెకన్లు ఒంటి మీద ఏ గుడ్డ ఉందన్నదే ప్రశ్న. మీ పొందూరు ఖద్దరు చొక్కా ఉందనుకో, ఎండకి అంత హాయి ఇంకేదీ ఇవ్వదు, నాకూ రెండున్నాయి, కానీ రోడ్డు మీద అది పడీపడగానే చిరిగిపోద్ది, మామూలు జీన్స్ కూడా పెద్ద తేడా ఏం లేదు. జాకెట్‌కి నైలాన్ గానీ పాలిస్టర్ గానీ మందంగా ఉండి, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర ఆ 1621-1 గార్డులు ఉండాలి. ఎండకైతే జాలీ జాకెట్ తీస్కో, లోపల పల్చటి కాటన్ బనీను వేస్కో, బండి కదిలితే గాలి నేరుగా చెమట మీద తగిలి చల్లగానే ఉంటది, ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం ఉడికిపోతావ్, అది నిజం, దాచను. నీ ఎండ ప్రశ్నకి నా సమాధానం ఇదే, ఏ షిఫ్ట్‌కైనా ఏడాది పొడుగునా వేసుకోగలిగేదే కొను, తోలు జాకెట్ జోలికి పోకు, మన దగ్గర అది గోడ మేకుకే వేలాడుద్ది. మంచి జాలీ జాకెట్ 4,500 నుంచి 7,000 దాకా ఉంటది. దసరా బోనస్‌కి పెట్టుకో. హెల్మెట్ పాతది వద్దన్నాను గానీ జాకెట్ మాత్రం పాతది తీస్కోవచ్చు, కుట్లు ఊడకుండా ఉండి, చేతులు హ్యాండిల్ మీద పెట్టినప్పుడు మోచేతి గార్డు మోచేతి మీదే ఉంటే చాలు. వీపు దగ్గర చాలా చవక జాకెట్లలో ఒట్టి స్పాంజి పెడతారు, దాన్ని తీసి ఈఎన్ 1621-2 ఉన్న వీపు గార్డు తర్వాత వేసుకోవచ్చు, జేబు ఉంటది దానికి.

వానకి విడిగా ప్యాంటు, చొక్కా రెయిన్‌కోట్ తీస్కో, ముదురు రంగు కాకుండా పసుపో నారింజో. మీదనుంచి దుప్పటిలా కప్పుకునేది వద్దు, గాలికి లేచి చక్రంలోకి పోద్ది.

రాత్రి పదిన్నర ప్రయాణం నన్ను బాగా భయపెడుతోంది, నిజం చెప్తున్నా. హైవే మీద దాబాల దగ్గర వెనక లైటు లేకుండా ఆపేసిన లారీలు, చిలకపాలెం దగ్గర రోడ్డు దాటే పశువులు, లోపలి రోడ్డుకి తిరిగాక ఒక్క దీపం ఉండదు. ప్లాంటులో మెరిసే పట్టీల జాకెట్ ఇస్తారు చూడు, పడితే కాపాడేది కాదు గానీ వెనకొచ్చేవాడికి నువ్వు కనపడతావ్, డ్యూటీ అయ్యాక తీసెయ్యకుండా దాన్నే వేసుకుని రా. హెల్మెట్ వెనక, బండి వెనక మెరిసే టేపు అతికించు, 100 రూపాయల పని. నీ హెడ్‌లైటు వెలుగు ఎంత దూరం పడుతోందో ఆ దూరంలో ఆగగలిగే స్పీడులోనే ఉండు, కొత్తవాడివి, నీకింకా బ్రేకు మీద చెయ్యి కుదరలేదు.

బండి సెకండ్ హ్యాండ్ అన్నావ్ కదా, ఏ సంవత్సరం బండో చూడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా పట్టినా చక్రం లాక్ అవ్వకుండా చూసేది, తప్పనిసరి చేశారు, అంతకుముందుదైతే ఉండకపోవచ్చు, ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం లాక్ అయిపోయి జారుద్ది. టైరు చూడు, గాడులు అరిగిపోయి నున్నగా ఉంటే గ్లోవ్స్, గార్డులు కూడా ఆపి ముందు టైరు మార్పించు. హెల్మెట్ మాత్రం ఆపకు. ఆదివారం పూట కాలేజీ గ్రౌండ్‌లోనో ఖాళీ రోడ్డులోనో రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగించి ఆపటం ఒక యాభై సార్లు చెయ్యి, దానికి డబ్బు అక్కర్లేదు.

నీ ఏడు వేలు ఇలా పంచుతాను నేనైతే. హెల్మెట్ 2,200. గ్లోవ్స్ 1,300. మోకాలి గార్డులు 1,800. టోపీ మాస్కులు రెండు, మెరిసే టేపు కలిపి 400. ఇంకా 1,300 మిగులుతుంది. హెల్మెట్ శ్రీకాకుళంలోనే పెట్టుకుని చూసి కొను, మిగతా గేర్ అక్కడ పెద్దగా దొరకదు, సెలవు రోజు పొందూరు స్టేషన్లో పొద్దున ప్యాసింజర్ ఎక్కి విశాఖపట్నం వెళ్ళి షాపులో వేసుకుని చూసి రా. ఆన్‌లైన్లో అయితే సైజు కుదరకపోతే వెనక్కి తీసుకునేవాళ్ళ దగ్గరే.

ఆ మిగిలిన 1,300 మీ అమ్మ హెల్మెట్‌కి. అరసవల్లికో, ఆస్పత్రికో, మేనత్త గారింటికో వెనక కూచోబెట్టుకుని తీసుకెళ్తావ్ కదా, వెనక కూచున్నవాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలని చట్టంలోనే ఉంది, పైగా వెనక ఉన్నవాళ్ళకి పట్టుకోవటానికి హ్యాండిల్ కూడా ఉండదు. ఆమె చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా పక్కన ఇనుప చట్రం ఊడిపోయి ఉంటే వేయించు. ఆమె తల కొలత కూడా టేపుతో తియ్యి, జుట్టు కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ కిందకి దిగదు, మెడ దగ్గరికి దించి వదులుగా జడేసుకోమను. మొదట్లో ఊపిరాడట్లేదంటది, తీసెయ్యమంటది. అందుకే గుడికెళ్ళే రోజు కాకుండా ముందురోజు సాయంత్రం ఆ అరుగు మీదే ఒక పావుగంట పెట్టుకుని కూచోమను, అద్దం పైకి తీసి, నువ్వు పక్కన కూచుని కబుర్లు చెప్తూ.